సోమశిల నిండినా చివరి చేనుకు నీళ్లెందుకు అందట్లేదు? నెల్లూరు నీటి లెక్క అసలు కథ ఇదీ!

సోమశిల గేట్లు ఎత్తారంటే చాలు.. ఫోన్లలో వీడియోలు మొదలవుతాయి. నురగలు కక్కుతూ దూకే నీళ్లు, డ్రోన్ షాట్లు, కింద ‘ప్రాజెక్టుకు జలకళ’ అంటూ స్క్రోలింగ్. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అదే రోజు ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల్లో సముద్రానికి దగ్గరగా పొలం ఉన్న రైతును కదిపితే లెక్క వేరేగా ఉంటుంది. డ్యామ్‌లో ఎన్ని టీఎంసీలున్నాయన్నది ఆయనకు రెండో విషయం. తన పొలం పక్కనున్న పిల్లకాలువలోకి నీళ్లు ఏ తేదీన వస్తాయి.. ఏ తేదీ దాకా ఉంటాయి.. అదీ అసలు ప్రశ్న.

డ్యామ్ నిండిందన్న వార్త నిజమే. చివరి చేను ఎండుతోందన్న మాటా నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? ఎందుకంటే సోమశిలలో ఉన్న ప్రతి టీఎంసీ మీదా ఇప్పటికే ఎవరో ఒకరి పేరు ఉంది. ఆ పేర్లన్నింటికీ ఒకే బలం లేదు. ఏ పేరుకు ఎంత అన్నది ఏటా ఒక సమావేశంలో తేలుతుంది. ఆ సమావేశంలో అందరికంటే తక్కువ వినిపించేది కాలువ చివర ఉన్నవాళ్ల గొంతే!

ముందు టీఎంసీ అంటే ఏంటో చూద్దాం

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా.. 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. సముద్రంలో కలవకముందు ఈ నది మీదున్న చివరి పెద్ద జలాశయం అనంతసాగరం మండలంలోని సోమశిల. పూర్తి సామర్థ్యం దాదాపు 78 టీఎంసీలు. దాని కింద సంగం, నెల్లూరు బ్యారేజీలు ఉన్నాయి గానీ వాటిలో ఒక్కోదాంట్లో అర టీఎంసీ నీళ్లు కూడా పట్టవు. అవి నీటిని ఎత్తు చేసి కాలువల్లోకి మళ్లించేవే తప్ప దాచేవి కావు. అంటే నెల్లూరు కోస్తాకు బ్యాంకు లాంటిది ఒక్కటే.. సోమశిల.

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. సాధారణంగా టీఎంసీకి 10 వేల ఎకరాల వరి పండుతుందని లెక్కేస్తారు. పది వేల ఎకరాల మీద ఆ నీళ్లన్నీ ఒకేసారి నిలబెడితే సుమారు 2.3 అడుగుల లోతు వస్తుంది. నారుమడి దగ్గర్నుంచి కోత దాకా ఒక పంట తాగే నీరు అదన్నమాట. ఈశాన్య రుతుపవనాల వాన తోడుంటే మొదటి పంటకు ఈ లెక్క కాస్త అటూఇటూగా నడుస్తుంది. వేసవిలో నిలబడదు. ఎండకు ఆవిరయ్యేది, కాలువలో ఇంకేది కలుపుకుంటే అదే టీఎంసీ అంత దూరం రాదు.

ఇప్పుడు దీన్ని ఆయకట్టు మీద వేసి చూడండి. పెన్నా డెల్టా 2.47 లక్షల ఎకరాలు. కావలి కాలువ కింద 75 వేలు, కనుపూరు కాలువ కింద 63 వేలు. ఈ మూడూ కలిపితేనే 3.85 లక్షల ఎకరాలు. ఒక్క పంటకు 38 టీఎంసీలకు పైనే. డ్యామ్ నుంచి నేరుగా వెళ్లే ఉత్తర, దక్షిణ కాలువల ఆయకట్టు దీనికి అదనం. తాగునీరు అదనం. అడుగున వాడుకోవడానికి వీల్లేకుండా మిగిలే నీరు, ఎండకు ఆవిరయ్యే నీరు పక్కన పెట్టాలి. వీటన్నిటికీ తోడు కండలేరుకు వెళ్లే వరద కాలువ! నిండుకుండ అని మనం సంబరపడే 78 టీఎంసీలు కాగితం మీద పెట్టి చూస్తే ఎంత త్వరగా కరిగిపోతాయో అర్థమవుతోంది కదా.

పాత హక్కు.. కొత్త హక్కు.. సంతకం పెట్టిన హక్కు

సోమశిల డ్యామ్ పూర్తయింది 1980ల చివర్లో. కానీ నెల్లూరు డెల్టాలో కాలువ సాగు అప్పుడు మొదలవలేదు. నెల్లూరు ఆనకట్ట 1850ల నాటిది, సంగం ఆనకట్ట 1880ల నాటిది. అంటే డ్యామ్ కంటే వందేళ్ల ముందు నుంచే ఇక్కడ కాలువ నీటితో వరి పండుతోంది. నది పారినప్పుడు పారింది, ఎండినప్పుడు ఎండింది. సోమశిల కట్టడానికి చెప్పిన ప్రధాన కారణాల్లో ఒకటి ఈ పాత ఆయకట్టును స్థిరీకరించడమే. డెల్టా రైతులు ‘ముందు మాకు ఇచ్చాకే మిగతావాళ్లకు’ అని గట్టిగా అనడం వెనకున్నది ఈ చరిత్రే.

ఆ తర్వాత వచ్చింది తెలుగుగంగ. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల చొప్పున 15 టీఎంసీల కృష్ణా నీళ్లు మద్రాసు తాగునీటికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు ఏపీ, తమిళనాడు మధ్య ఒప్పందం కుదిరింది. దారిలో నష్టాలకు 3 టీఎంసీలు తీసేసి సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు ఇవ్వాలి. జులై నుంచి అక్టోబర్ మధ్య 8, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య 4. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా పెన్నాలోకి, అక్కడి నుంచి సోమశిలకు, సోమశిల నుంచి వరద కాలువ ద్వారా రాపూరు దగ్గరున్న 68 టీఎంసీల కండలేరుకు, కండలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో సరిహద్దు దాటి పూండికి.. ఇదీ ఆ నీటి ప్రయాణం. పూండికి మొదటిసారి నీళ్లు చేరింది 1996లో. అంటే ఒప్పందానికీ నీళ్లకూ మధ్య పదమూడేళ్లు.

ఇక్కడో చిన్న మాట. సోషల్ మీడియాలో అప్పుడప్పుడు ‘మన నీళ్లు చెన్నైకి ఎందుకు’ అనే పోస్టులు తిరుగుతుంటాయి. ఒప్పందం ప్రకారం చెన్నై వాటా పెన్నా నీళ్లలోంచి కాదు, కృష్ణా నీళ్లలోంచి. కాకపోతే అవి వచ్చి చేరేది సోమశిలలోకే. ఒకసారి డ్యామ్‌లో కలిసిపోయాక ఏ చుక్క కృష్ణాదో, ఏ చుక్క పెన్నాదో ఎవరూ వేరు చేయలేరు. లెక్క పుస్తకంలో మాత్రమే వేరు. గొడవంతా ఆ పుస్తకం దగ్గరే!

పైగా కండలేరు చెన్నై ఒక్కదానికే కాదు. దాని కింద సాగు ఉంది. తిరుపతికీ అక్కడి నుంచే నీళ్లు వెళ్తాయి. కాబట్టి సోమశిల నుంచి కండలేరుకు ఎప్పుడు, ఎంత వదలాలన్నది చెన్నై వర్సెస్ నెల్లూరు పంచాయితీ అనుకుంటే పొరపాటు. జిల్లాలోనే డెల్టా రైతుకూ, మెట్ట ప్రాంత రైతుకూ మధ్య పంచాయితీ అది.

కాగితం మీద 12 టీఎంసీలున్నా చాలా ఏళ్లు చెన్నైకి అంత చేరలేదు. ఒప్పందం ఉన్నంత మాత్రాన కరవు ఏడాదిలో నీళ్లు పుట్టవు. 2019 వేసవి గుర్తుందా? చెన్నై జలాశయాలు అడుగంటి, జులైలో జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకున్నారు. ఆ సెప్టెంబర్‌లో కృష్ణా వరద వచ్చి, కండలేరు గేట్లు తెరుచుకున్నాకే పూండికి నీళ్లు కదిలాయి. శ్రీశైలం నిండకపోతే వెలుగోడు లేదు, వెలుగోడు లేకపోతే సోమశిలకు ఆ వాటా లేదు. పైనేమో పోతిరెడ్డిపాడు మీద తెలంగాణ అభ్యంతరాలు. నెల్లూరు రైతు భవిష్యత్తులో ఒక ముక్క నంద్యాల జిల్లాలో, ఇంకో ముక్క హైదరాబాద్‌లోని ఆఫీసుల్లో ఉందంటే అతిశయోక్తి కాదు.

నవంబర్ చిక్కు

అన్నిటికంటే క్లిష్టమైన విషయం ఇదే. టీవీ చర్చల్లో మాత్రం చాలా తక్కువగా వినిపిస్తుంది.

రాష్ట్రంలో చాలా డ్యాములు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య నైరుతి వానలతో నిండుతాయి, ఆ తర్వాత పెద్ద వరద భయం తగ్గుతుంది. సోమశిల అలా కాదు. కృష్ణా నుంచి వచ్చే నీళ్లతో సెప్టెంబర్, అక్టోబర్ నాటికి నిండుతుంది. సరిగ్గా అప్పుడే నెల్లూరుకు అసలు వానాకాలం మొదలవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. రైతు కోసం డ్యామ్ నిండుగా ఉండాల్సిన నెల, వరద కోసం డ్యామ్ కాస్త ఖాళీగా ఉండాల్సిన నెల.. రెండూ ఒక్కటే. నవంబర్!

2021 నవంబర్‌లో ఏం జరిగిందో నెల్లూరు మర్చిపోలేదు. నవంబర్ 19న ఎగువన రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ చెయ్యేరు కలిసేది పెన్నాలోనే, సోమశిలకు పైనే. అప్పటికే నిండి ఉన్న సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందకు వదలాల్సి వచ్చింది. నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ లాంటి లోతట్టు ప్రాంతాలు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగి చెన్నై - కోల్‌కతా రాకపోకలే ఆగిపోయాయి. అంతకు ముందు ఏడాది నివర్ తుపాను వరదకు, మళ్లీ ఈ వరదకు డ్యామ్ కింద ఆప్రాన్ దెబ్బతింది.

ఆ వరద సైజు ఎంతో ఒక్కసారి ఊహించండి. 5 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 43 టీఎంసీలు. అంటే ఖాళీ సోమశిలను సైతం రెండు రోజుల్లోపు నింపేస్తుంది. చెన్నైకి ఏడాదంతా కలిపి ఇవ్వాల్సిన 12 టీఎంసీలు ఆ ప్రవాహంలో ఏడు గంటల్లోపే సముద్రం దారి పడతాయి. డెల్టా మొత్తానికి ఒక పంటకు సరిపడే నీరు పద్నాలుగు గంటల్లో! ‘వృథాగా సముద్రం పాలు’ అనే హెడ్‌లైన్ అప్పుడు పెట్టడం తేలిక. కానీ సంగం బ్యారేజీ ఆ వరదకు పావుగంటలో నిండిపోతుంది. ఆపడానికి చోటేదీ?

మరి ముందే డ్యామ్‌ను కొంత ఖాళీ చేసి పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. అక్టోబర్ చివర 10 టీఎంసీలు కిందకు వదిలేశారనుకుందాం. తుపాను చెన్నై వైపో, ఒంగోలు వైపో తిరిగిపోయింది. వాన పడలేదు. అప్పుడు ఆ 10 టీఎంసీలకు సమాధానం ఎవరు చెప్పాలి? లక్ష ఎకరాల పంట అది. అందుకే ఏ ఇంజినీరూ తనంతట తాను ఆ సాహసం చేయడు. చేయమనడమూ న్యాయం కాదు. ఏ నెల, ఏ తేదీకి డ్యామ్‌లో గరిష్ఠంగా ఎంత ఉంచాలో ముందే రాసి పెట్టుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని ‘రూల్ కర్వ్’ అంటారు. అది జనానికి తెలిసేలా ఉంటే గేట్లు ఎత్తినా, ఎత్తకపోయినా నింద ఒక మనిషి మీద పడదు.

పొరుగున చెన్నైలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2015 డిసెంబర్ 1న చెంబరంబాక్కం నుంచి 29 వేల క్యూసెక్కులు అడయారులోకి వదిలారు. నగరం మునిగింది. గేట్ల నిర్వహణను కాగ్ తన నివేదికలో తప్పుబట్టింది. 2018లో కేరళ వరదల తర్వాత కూడా ఇదే చర్చ నడిచింది. 2021 డిసెంబర్‌లో కేంద్రం డ్యామ్ సేఫ్టీ చట్టం తెచ్చింది. చట్టం వచ్చింది సరే.. సోమశిలలో నవంబర్ 1కి ఎంత నీరు, నవంబర్ 15కి ఎంత నీరు ఉంచుతారన్నది మాత్రం పొర్లుకట్టల పక్కన కాపురాలున్నవాళ్లకు గేట్లు ఎత్తినప్పుడే తెలుస్తోంది.

ఒక సమావేశం.. ఒక అంకె

మొదటి పంటకు ముందు, మళ్లీ వేసవికి ముందు నెల్లూరులో సాగునీటి సలహా మండలి సమావేశం జరుగుతుంది. అందరూ ఐఏబీ మీటింగ్ అంటారు. కలెక్టర్, మంత్రులు, ఎమ్మెల్యేలు, ఇంజినీర్లు, రైతు ప్రతినిధులు కూర్చుంటారు. బయటకు వచ్చే వార్తలో ఎక్కువగా కనిపించేది ఒకటే అంకె.. ఇన్ని లక్షల ఎకరాలకు నీళ్లు. ఎవరి నియోజకవర్గానికి ఎంత అన్నదాని మీద లోపల వాదన జరుగుతుంది, ఆ అంకె కాస్త పెరుగుతుంది.

అంకె పెరగడం రాజకీయంగా మంచిదే. నీళ్లు మాత్రం పెరగవు! 30 టీఎంసీలున్నప్పుడు 3 లక్షల ఎకరాలకు అంటే సరిపోతుంది. 3.5 లక్షలకు అంటే ఎక్కడో 50 వేల ఎకరాలకు తగ్గాలి. ఆ తగ్గేది ఎక్కడన్నది సమావేశంలో ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు కూడా. కాలువే తేల్చేస్తుంది.. చివర ఉన్నవాళ్లకు తగ్గుతుంది.

మొదటి పంట మీద ఉన్న ధీమా రెండో పంట మీద ఉండదు. దాన్నే నెల్లూరులో ఎడగారు అంటారు. ఏప్రిల్, మే నెలల్లో మొదలై ఆగస్టు, సెప్టెంబర్ దాకా సాగే పంట. డ్యామ్‌లో మిగిలిందాన్ని బట్టి ఇస్తారు. ఇస్తారో లేదో మార్చి దాటేదాకా తెలియకపోతే కౌలు రైతు పరిస్థితి ఏంటి? కౌలు మాట్లాడుకోవాలి, విత్తనం తెచ్చుకోవాలి, అప్పు పుట్టించుకోవాలి. ఇదే జనవరి - ఏప్రిల్ మధ్యలో చెన్నై రెండో విడత 4 టీఎంసీలు కూడా అడుగుతారు. వేసవి ముదిరే కొద్దీ అందరి కళ్లూ ఒకే గేజీ మీద.

ఎడగారుకు వరే వేయాలా అన్నది ఇంకో ప్రశ్న. పెసర, మినుము, నువ్వులు లాంటి ఆరుతడి పంటలకైతే నీళ్లు చాలా తక్కువ చాలు. అధికారులు ఏటా చెప్పే మాటే ఇది. కానీ చుట్టూ అందరూ వరి వేసి మడికట్లు నింపుకున్నప్పుడు మధ్యలో ఒక్కడు మినుము వేస్తే ఊటకే కుళ్లిపోతుంది. ఊరంతా, కాలువంతా కలిసి మారాలి. దానికి సలహా సరిపోదు, ముందే చెప్పిన నీటి తేదీ కావాలి. నీటి తీరువా కూడా ఈ విషయంలో పెద్దగా పనిచేయదు. వరికి మొదటి పంటకు ఎకరాకు 200, రెండో పంటకు 150 రూపాయలు. వేసవిలో విలువ ఎక్కువైన నీటికి రేటు తక్కువ!

కాలువ చివర ఏం జరుగుతోంది?

సంగం నుంచి కనిగిరి రిజర్వాయర్ మీదుగా కోవూరు, విడవలూరు, అల్లూరు వైపు.. నెల్లూరు నుంచి జాఫర్ సాహెబ్ కాలువ మీదుగా ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు.. సర్వేపల్లి కాలువ మీదుగా వెంకటాచలం, ముత్తుకూరు వైపు. ఈ కాలువలన్నీ సముద్రం వైపే వెళ్తాయి. 2022 సెప్టెంబర్ 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాక శిథిలమైన పాత ఆనకట్టల బెడద తప్పింది. కాలువ తల దగ్గర నీటిమట్టం ఇప్పుడు నిలబడుతోంది. అది చిన్న విషయం కాదు. పాతికేళ్లుగా అడిగినవాళ్లకు తెలుసు.

కానీ తల బాగుపడితే తోక బాగుపడినట్టు కాదు. గుర్రపుడెక్క నిండిన కాలువలో, పూడిక తీయని కాలువలో డిజైన్ ప్రకారం పారాల్సిన నీళ్లు పారవు. వేసవిలో చేయాల్సిన మరమ్మతులు ఆలస్యమై, నీళ్లు వదిలే ముందు హడావిడిగా జరిగితే ఆ పని ఎంత కాలం నిలుస్తుందో రైతులకు చెప్పక్కర్లేదు. పైన తూములు పెద్దవి చేసుకున్నవాళ్లు, మోటార్లు పెట్టుకున్నవాళ్లు ముందు తీసుకుంటారు. వంతులవారీ అని కాగితంలో ఉంటుంది. దాన్ని అమలు చేయాల్సింది లస్కర్. ఒక్కో లస్కర్ చేతిలో ఎన్నో కిలోమీటర్ల కాలువ. ‘ఏమన్నా, షట్టర్ ఎప్పుడెత్తతారు?’ అని అర్ధరాత్రి వచ్చే ఫోన్లన్నీ ఆయనకే. పైవాళ్లతో గొడవ పడాల్సిందీ ఆయనే.

కోస్తా మండలాల్లో నీళ్లు రాకపోతే నష్టం ఆ ఏడాది పంటతో ఆగదు. కాలువ నీరు పైనుంచి తోస్తున్నంత కాలం భూమిలో ఉప్పు కిందే ఉంటుంది. ఆ తోపుడు ఆగితే బోరు నీళ్లు చప్పబడవు.. ఉప్పబడతాయి. పక్కన రొయ్యల గుంట ఉంటే ఇంకా త్వరగా. రెండేళ్లు వరి దెబ్బతిన్న రైతు మూడో ఏడు పొలాన్ని గుంటకు లీజుకిస్తాడు. ఆ గుంట ఉప్పు పక్క పొలానికి ఊరుతుంది. అతనూ అదే దారి. సోమశిలలో తీసుకున్న నిర్ణయం ఇలా సముద్రం ఒడ్డున భూమి వాడకాన్నే మార్చేస్తోంది. ఒకసారి గుంటగా మారిన పొలం మళ్లీ వరికి రావడం అంత తేలిక కాదు.

ఇప్పుడు ఏం మారొచ్చు?

1997లో వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ప్రకారం కాలువ మీద రైతు సంఘాలకు మాట ఉండాలి. చాలా ఏళ్ల విరామం తర్వాత 2024 డిసెంబర్‌లో రాష్ట్రంలో నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. ఎక్కువ చోట్ల ఏకగ్రీవాలే. పార్టీ రంగు లేదని ఎవరూ అనరు. అయినా సరే, కాలువ చివరి ఊరికి అడగడానికి ఒక మనిషంటూ ఉన్నాడు. ఇంతకుముందు అదీ లేదు.

గోదావరి నీళ్లను బనకచర్ల దాకా తెచ్చే ప్రతిపాదనల గురించి కూడా పెద్ద చర్చే నడిచింది. వస్తే మంచిదే. కానీ వేల కోట్ల కొత్త కాలువ ద్వారా వచ్చే నీళ్లు కూడా చివరికి సోమశిల గేజీలోనే కలుస్తాయి, అదే ఐఏబీ టేబుల్ మీదకే వస్తాయి, అదే లస్కర్ షట్టర్ దగ్గరకే చేరతాయి. పంచే పద్ధతి మారకుండా నీళ్లు పెరిగితే ఎకరాల అంకె పెరుగుతుంది, తోక ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. ఎన్ని ఎకరాలో చెప్పినట్టే ఏ కాలువకు ఎన్ని టీఎంసీలు, చివరి తూము దగ్గర ఎన్ని క్యూసెక్కులు, కాలువ కట్టేసే తేదీ ఏంటి అన్నవి కూడా అదే రోజు ప్రకటించడం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా డ్యామ్‌లో ఎంత ఉంచుతారో ఊళ్లలో బోర్డు పెట్టడం. సోమశిల ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో రోజూ ఫోన్లలో చూస్తూనే ఉన్నాం. తోటపల్లిగూడూరు చివరి తూము దగ్గర గేజీ రీడింగ్ ఎప్పుడైనా చూశారా?

ఈసారి ఐఏబీ సమావేశం అయ్యాక వచ్చే వీడియోలో లక్షల ఎకరాల అంకె ఎలాగూ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కన కాలువ మూసే తేదీ ఉందో లేదో చూడండి.